అక్కతో సంతకం పెట్టించుకోవడం న్యాయమేనా? ఆడపిల్ల వాటాపై ఒక చర్చ

వైరా వాగు (ఖమ్మం జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు కాలం చేసి ఏడాది కావస్తోంది. అమ్మ అంతకు ముందే పోయింది. తాతగారి నుంచి వచ్చిన ఆరెకరాలు ఇప్పటికీ నాన్నగారి పేరు మీదే ఉన్నాయి. అందులో నాలుగెకరాలు కాలువ కింద మాగాణి, రెండెకరాలు మెట్ట. సంవత్సరీకం లోపల పొలం నా పేరుకు మార్పించుకోమని మేనమామలూ ఊరి పెద్దమనుషులూ తొందరపెడుతున్నారు. నాకు ఒక్కతే అక్క. ఆమె పెళ్లి 1996లో జరిగింది. అప్పట్లో మా స్తోమతుకు మించే కట్నం ఇచ్చారు. ఇప్పుడు అక్కను పిలిపించి, పట్టుచీర పెట్టి, కొంత సొమ్ము చేతిలో ఉంచి, తన వాటా వదులుకుంటున్నట్టు హక్కు విడుదల పత్రం రాయించుకోవాలన్నది పెద్దల సలహా. అక్కకు ఫోన్ చేస్తే, "నువ్వెక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను తమ్ముడూ" అంది.

నన్ను ఇబ్బంది పెడుతున్నది ఆ మాటే. ఆమె అడగడం లేదు కాబట్టి ఆమెకు అక్కరలేదని అనుకోవచ్చా, లేక అడగకూడదని పెంచాం కాబట్టి అడగడం లేదా అన్నది నాకు తేలడం లేదు. చట్టం సంగతి వకీలు దగ్గరకు వెళితే తెలుస్తుంది. మీ మీ కుటుంబాల్లో ఈ పని ఎలా జరిగింది, ఏది న్యాయమని మీరు అనుకుంటున్నారు, దయచేసి వివరంగా రాయండి.

నల్లకోటు (రాజమహేంద్రవరం)

వైరా వాగు గారూ, న్యాయం గురించి మిగతా సభ్యులు రాస్తారు. ముందుగా లెక్క చెబుతాను, ఎందుకంటే లెక్క తెలియకుండా పెట్టే సంతకం అంగీకారం కిందకు రాదని నా అభిప్రాయం.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఆడపిల్లకు ఏమీ ఇవ్వలేదని చాలామంది అనుకుంటారు కానీ అది పూర్తిగా నిజం కాదు. తండ్రి స్వార్జితంలో, ఆయన వీలునామా రాయకుండా పోతే, కొడుకుతో సమానంగా కూతురికీ వాటా అప్పుడే వచ్చింది. తేడా అంతా పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో ఉంది. అందులో కొడుక్కి పుట్టుకతోనే హక్కు ఉండేది, కూతురికి ఉండేది కాదు. మీ ఆరెకరాలను ఉమ్మడి ఆస్తిగా తీసుకుని ఆ పాత పద్ధతిలో పంచితే, ముందుగా తండ్రికి మూడు, కొడుక్కి మూడు ఎకరాలు వస్తాయి. ఆ తర్వాత తండ్రి మూడెకరాలు మాత్రమే ఇద్దరు బిడ్డలకూ సమానంగా పోతాయి. అంటే మీకు నాలుగున్నర ఎకరాలు, మీ అక్కకు ఎకరంన్నర.

ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చి ఈ లెక్కను మార్చింది. కేరళ 1975లోనే ఉమ్మడి కుటుంబ వ్యవస్థను రద్దు చేసింది కానీ, కూతురిని కొడుకుతో పాటు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో భాగస్వామిని చేసిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్రలు 1994లో అదే దారి పట్టాయి. మన సవరణలో ఒక లోపం ఉండేది: ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ పెళ్లి అనే ఆ గీతను చెరిపివేసింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా వద్దా అన్న వివాదాన్ని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, హక్కు పుట్టుకతో వచ్చినప్పుడు తండ్రి బతికి ఉండటంతో పని లేదని తేల్చి ముగించింది.

మీ అక్క పెళ్లి 1996లో జరిగింది కాబట్టి 1985 సవరణ ప్రకారమే ఆమె మీతో సమాన భాగస్వామి. ఒకవేళ ఆ పొలం మీ నాన్నగారికి సొంత ఆస్తిగా సంక్రమించిందని వాదించినా, వీలునామా లేనప్పుడు ఇద్దరికీ చెరి సగమే. ఏ దారిన వెళ్లినా మూడెకరాలు ఆమెవి. పట్టుచీరకు బదులుగా అడుగుతున్నది ఆ మూడెకరాలను.

చేను గట్టు (ప్రకాశం జిల్లా)

వకీలు గారు చెప్పిన చట్టాన్ని నేను కాదనడం లేదు. కానీ పల్లెలో వ్యవసాయం చేసుకుని బతికేవాడిగా రెండు మాటలు రాయాలి. మొదటిది, 1996లో ఇచ్చిన కట్నం గాలిలోంచి రాలేదు. ఆ రోజుల్లో ఒక కూతురి పెళ్లి చేయడానికి పొలం తాకట్టు పెట్టిన ఇళ్లు, ఆ అప్పు కొడుకు తీర్చిన ఇళ్లు మా ఊళ్లో ఎన్నో ఉన్నాయి. ఆమె వాటా ఆమె పెళ్లినాడే వెళ్లిపోయిందని తమ్ముడు అనుకుంటే అందులో దురాశ ఏముంది?

రెండవది, ముసలితనంలో తల్లిదండ్రులను చూసింది ఎవరు? రాత్రిళ్లు ఆసుపత్రిలో పడుకున్నదీ, మందులకు అప్పు చేసిందీ, చివరికి తలకొరివి పెట్టిందీ కొడుకు. వాటా దగ్గర సమానత్వం కోరేవారు బాధ్యత దగ్గర కూడా దానిని కోరాలి కదా. ఇక కమతాల సంగతి. దేశంలో సగటు కమతం 2015-16 వ్యవసాయ గణన ప్రకారం 1.08 హెక్టార్లు, అంటే రెండున్నర ఎకరాల కంటే కొంచెం ఎక్కువ. దాన్ని ఇంకా చీల్చుకుంటూ పోతే ట్రాక్టరు తిరగడానికి కూడా చోటు మిగలదు. ఇవన్నీ ఆడవాళ్ల మీద చిన్నచూపుతో రాస్తున్న మాటలు కావని మనవి.

నడిగడ్డ మట్టి (జోగులాంబ గద్వాల జిల్లా)

చేను గట్టు గారూ, మీరు మర్యాదగా రాశారు కాబట్టి నేనూ అంతే మర్యాదగా జవాబు రాస్తాను. తల్లిదండ్రులను కొడుకు చూశాడని అన్నారు. ఆసుపత్రిలో రాత్రి పడుకున్నది కొడుకే కావచ్చు. ఇంటి దగ్గర మంచాన పడ్డ అత్తగారికి ఒళ్లు తుడిచి, పక్క గుడ్డలు ఉతికి, గంజి తాగించింది ఎవరు? కోడలు. ఆ కోడలు ఇంకొక ఇంటి కూతురు. పుట్టింట్లో, ఆమె అత్తవారి వాళ్లను చూస్తుంది కాబట్టి మమ్మల్ని చూడలేదని చెప్పి వాటా ఇవ్వరు. అత్తింట్లో, ఆమె చేసిన సేవ కొడుకు ఖాతాలో జమ అవుతుంది. రెండు ఇళ్లలోనూ పని ఆమెది, పట్టా వేరేవాళ్లది.

మా ప్రాంతంలో విత్తన పత్తి పండిస్తారు. ఆ పని దగ్గర నుంచి చూడనివారికి చెబుతాను. సాయంత్రం పూట, మరునాడు విచ్చుకోబోయే మొగ్గలను ఒక్కొక్కటిగా వెతికి, గోటితో పైరేకను చీల్చి, లోపలి పుప్పొడి భాగాన్ని తీసివేయాలి. పుప్పొడి అందుకునే కొన (కీలాగ్రం) మీద గోరు పడితే ఆ కాయ పోయినట్లే. మరునాడు ఉదయం మగ చెట్ల పూలు కోసుకువచ్చి, ఆ మొగ్గల మీద రుద్దాలి. క్రాసింగ్ అని పిలిచే ఈ పనిని వారాల తరబడి నడుము వంచి చేసేది ఎక్కువగా ఆడవాళ్లూ, ఆడపిల్లలూ. కంపెనీ తరఫున వచ్చే ఆర్గనైజరు ఒప్పందం రాసుకునేది మాత్రం ఇంటి యజమానితో. సొమ్ము ఆయన చేతికే వస్తుంది. ఆ చేనులో ఆమెను ఎవరని అడిగితే ఊరంతా "రైతు భార్య" అంటారు, రైతు అనరు.

ఇది మాటల్లో గౌరవానికి సంబంధించిన విషయమే అయితే నేను ఇంత రాసేదాన్ని కాదు. తెలంగాణలో 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా పథకంలో 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షల రూపాయలు వస్తాయి. మంచి పథకం, ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. కానీ అదే చేనులో, అదే పాము కరిచి భార్య చనిపోతే, పాసు పుస్తకంలో ఆమె పేరు లేకపోతే ఒక్క రూపాయి రాదు. పంట పెట్టుబడి సాయం పట్టాదారుకే, బ్యాంకులో పంట రుణం పట్టా చూపితేనే. దేశం మొత్తం మీద కమతాలు నిర్వహిస్తున్న వారిలో మహిళలు 2010-11లో 12.79 శాతం, 2015-16లో 13.96 శాతం. పొలాల్లో ఒంగి ఉన్న నడుములను ఎవరైనా లెక్కపెడితే ఈ అంకెను నమ్మగలరా?

ఎం.ఎస్. స్వామినాథన్ గారు రాజ్యసభలో ఉండగా, 2012లో మహిళా రైతుల హక్కుల బిల్లును ప్రైవేటు సభ్యుని బిల్లుగా ప్రవేశపెట్టారు. పట్టాతో సంబంధం లేకుండా, సాగు చేస్తున్న మహిళకు గ్రామ పంచాయతీ ద్వారా మహిళా రైతు ధ్రువపత్రం ఇవ్వాలని అందులో ఉంది. 2013లో ఆయన సభ్యత్వ కాలం ముగియడంతో ఆ బిల్లు మురిగిపోయింది. ఆ దారి మూసుకుపోయాక ఆడవాళ్ల పేరు పాసు పుస్తకంలోకి ఎక్కడానికి మిగిలిన పెద్ద దారి పుట్టింటి వాటా. దాన్నే మనం పట్టుచీరతో మూసేస్తున్నాం.

నల్లకోటు (రాజమహేంద్రవరం)

కట్నం గురించి చేను గట్టు గారు అన్నదానికి చిన్న వివరణ. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేరం. కాబట్టి, "కట్నం ఇచ్చాం, వాటా చెల్లిపోయింది" అనేది కోర్టులో చెప్పుకోదగ్గ వాదన కాదు. పైగా, పెళ్లికూతురికి కాక వేరెవరికైనా కట్నం ముట్టి ఉంటే దాన్ని మూడు నెలల్లోపు ఆమెకు అప్పగించాలని ఆ చట్టంలోనే ఉంది. ఆ నిబంధన అమలైన ఇల్లు నాకు ఇంతవరకు తారసపడలేదు. నగదు మామగారి చేతికి పోయింది, లాంఛనాలు ఆడపడుచులకు పోయాయి, బంగారం ఆమె ఒంటి మీద కొన్నాళ్లు ఉండి బ్యాంకు తాకట్టుకు పోయింది. దీన్ని ఆమె వాటా అని పిలవడం కష్టం. పసుపు కుంకుమల కింద కూతురికి పొలమే రాసిచ్చే ఆచారం మన జిల్లాల్లో ఉంది. అది నయం, ఎందుకంటే ఇచ్చినది ఆమె పేరు మీదే నిలుస్తుంది. అయితే అక్కడ కూడా నోటిమాటగా ఇచ్చి, రిజిస్ట్రేషను చేయించక, తర్వాత అన్నదమ్ములు కాదన్న కేసులు నా దగ్గరకే వచ్చాయి.

తల్లిదండ్రుల పోషణ విషయంలో చట్టం ఇప్పటికే సమానంగా ఉంది. పెళ్లయిన కూతురు కూడా తల్లిదండ్రులను పోషించాల్సిందేనని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం కొడుకునూ కూతురినీ ఒకే వరుసలో నిలబెట్టింది. అంటే బాధ్యత సమానమయింది, అనుభవంలో వాటా మాత్రం కాలేదు.

లెక్కల మాస్టారు (విజయనగరం)

నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. ఇంటి పని మాట వచ్చింది కాబట్టి రెండు అంకెలు చెబుతాను. కేంద్ర గణాంక శాఖ 2019లోనూ, 2024లోనూ సమయ వినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనుల్లో పాల్గొన్న మహిళలు 2019లో రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే, 2024లో 289 నిమిషాలు వెచ్చించారు. పది నిమిషాలు తగ్గాయి. ఆ పది నిమిషాలు మగవాళ్ల వైపు చేరాయేమోనని చూస్తే, వారి లెక్క 97 నుంచి 88కి దిగింది. తగ్గిన పనిని మిక్సీలూ గ్యాసు పొయ్యిలూ అందుకున్నాయేమో తెలియదు కానీ మగవాళ్లు మాత్రం అందుకోలేదు.

తరగతి గదిలో ముప్పై ఏళ్లకు పైగా ఒక విషయం గమనించాను. గది ఊడ్చమంటే ఆడపిల్లలు లేచేవారు, బల్లలు జరపమంటే మగపిల్లలు లేచేవారు. ఎవరూ చెప్పనక్కరలేదు. ఆడపిల్ల ఇంకో ఇంటికి వెళ్లవలసినది అని చిన్ననాటి నుంచి వింటూ పెరిగిన అమ్మాయి, ఈ ఇంటి ఆస్తిలో నాకు వాటా ఉందని అడుగుతుందని ఎలా అనుకుంటాం? వైరా వాగు గారి అక్క మాటలో నాకు అదే వినిపించింది. పాత్రలు ముందు పుట్టి ఆస్తి పంపకం వాటిని అనుసరించిందో, ఆస్తి మగవాడి పేరు మీద ఉండటం వల్ల ఆ పాత్రలు గట్టిపడ్డాయో తేల్చడం నా వల్ల కాదు. రెండోదే ఎక్కువని నా అనుమానం.

ఆస్తి ఉంటే ఏం మారుతుందన్న దానికి ఒక ఆధారం ఉంది. ఆర్థికవేత్తలు ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ కేరళలోని తిరువనంతపురం జిల్లాలో చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. ఇల్లూ పొలమూ ఏదీ లేని వివాహిత మహిళల్లో 49 శాతం మంది భర్త చేతిలో దీర్ఘకాలం శారీరక హింసను అనుభవించగా, రెండూ తమ పేరు మీద ఉన్నవారిలో అది 7 శాతం. వెళ్లడానికి ఒక చోటు ఉన్న మనిషి మీద చెయ్యి లేవడానికి ముందు ఆలోచన వస్తుందన్నమాట. ఒక జిల్లా లెక్కను దేశమంతటికీ అతికించకూడదని గణితం చెప్పినవాడిగా నాకు తెలుసు, అయినా ఆ తేడా చిన్నది కాదు.

సప్త సముద్రాలు (డల్లాస్)

మాది కృష్ణా జిల్లా, ఇక్కడికి వచ్చి చాలా కాలమైంది. ఇక్కడి తెలుగు ఆడవాళ్ల మధ్య ఈ విషయం తరచుగా వస్తుంది. ఊరి నుంచి అన్నయ్య పంపిన హక్కు విడుదల పత్రమో, పవర్ ఆఫ్ అటార్నీయో ఈమెయిలులో వస్తుంది. కాన్సులేటులో ధ్రువీకరణ చేయించి కొరియరులో పంపాలి. అది అక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించుకోవాలి కాబట్టి తొందరగా పంపమని రోజూ ఫోన్లు వస్తాయి. అంత తొందరలో ఆ కాగితంలో ఏముందో చదివే తీరిక ఎవరికి ఉంటుంది?

నాకు వచ్చినప్పుడు అందరూ అన్న మాట, "నీకేం తక్కువ, ఇద్దరూ సంపాదిస్తున్నారు, అవసరం లేదు కదా" అని. నిజమే, అవసరం లేదు. కానీ మా అన్నయ్య కూడా న్యూజెర్సీలో ఉంటున్నాడు, ఆయనకూ అవసరం లేదు. ఆ ప్రశ్న ఆయనను ఎవరూ అడగలేదు. అవసరాన్ని బట్టి పంచుకుందామంటే ఆ పొలం ఊళ్లో ఉండి కౌలు చేస్తున్న మా చిన్నాన్న కొడుక్కి వెళ్లాలి. హక్కును బట్టి అంటే మా ఇద్దరికీ రావాలి. కొడుకు దగ్గర హక్కు, కూతురి దగ్గర అవసరం అనే రెండు కొలతలు పెట్టుకోవడమే నాకు రుచించలేదు. నేను సంతకం పెట్టలేదు. ఆ తర్వాత మా వదిన నన్ను సంక్రాంతికి రమ్మని పిలవడం మానేసింది, ఆ మాట కూడా ఇక్కడ రాయాలి.

ఆడవాళ్లు సంతకం పెట్టేది చట్టం తెలియక అని అందరూ రాస్తారు. నా చుట్టూ ఉన్నవాళ్లందరికీ చట్టం తెలుసు. పుట్టిల్లు పోతుందన్న భయంతో పెడతారు. సారె, పురుడు, అత్తింట్లో గొడవ జరిగితే బ్యాగు పట్టుకుని వెళ్లి నాలుగు రోజులు ఉండగల గది, అమ్మ పోయాక కూడా పండగకు వచ్చే ఒక ఫోను, వీటన్నిటినీ మూడెకరాలతో తూచి చూసుకుని పెడతారు. ఆ లెక్కలో తప్పు లేదు. ఆ రెండింటిలో ఒక్కటే ఎంచుకోమనడంలో ఉంది తప్పు. తమ్ముడికి ఆ ఎంపిక ఎప్పుడూ ఎదురుకాదు.

ఉట్నూరు దారి (ఆదిలాబాద్ జిల్లా)

చర్చ అంతా హిందూ వారసత్వ చట్టం చుట్టూ సాగుతోంది కాబట్టి ఒక ముఖ్యమైన మినహాయింపును గుర్తు చేస్తాను. ఆ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదని దాని రెండో సెక్షనులోనే ఉంది. మా వైపు గోండు, కొలాము కుటుంబాలలో భూమి ఆచారం ప్రకారం కొడుకులకే వెళుతుంది. 2005 సవరణ గానీ, 2020 తీర్పు గానీ వారి దాకా రాలేదు. 2025 జులైలో మాత్రం సుప్రీంకోర్టు, ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారాన్ని రుజువు చేయనప్పుడు వాటా నిరాకరించడం రాజ్యాంగంలోని సమానత్వ హక్కుకు విరుద్ధమని తీర్పు చెప్పింది.

ఇక్కడి పెద్దలు ఒక భయం చెబుతారు. ఆడపిల్లకు భూమి ఇస్తే, గిరిజనేతరుడు ఆమెను పెళ్లి చేసుకుని భూమిని తన చేతిలో పెట్టుకుంటాడని. ఆ భయం ఊహ కాదు, అలాంటి పెళ్లిళ్లు మేము చూశాము. కానీ గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా 1/70 చట్టం ఉంది. దానిని గట్టిగా అమలు చేయమని అడగవలసిన చోట, ఆడపిల్లనే భూమికి దూరం పెట్టడం సులువని ఎంచుకున్నారు. కొడుకు అప్పు చేసి వడ్డీ వ్యాపారికి పొలం అనధికారికంగా వదిలేస్తే ఆ భయం ఎవరూ పైకి అనరు.

చేను గట్టు (ప్రకాశం జిల్లా)

కోడలి సేవ గురించి నడిగడ్డ మట్టి గారు రాసినది చదివాక ఆ మాట మా ఇంట్లో పైకి చదివాను. మా ఆవిడ ఏమీ అనలేదు, ఇంకొకసారి చదవమంది. బాధ్యత గురించి నా వాదనను వెనక్కు తీసుకుంటాను. కట్నం విషయంలో మాత్రం నా అసంతృప్తి అలాగే ఉంది. రెండూ ఇవ్వలేని కుటుంబం ఏం చేయాలి? ఈ రోజుకూ మా వైపు సంబంధం మాట్లాడేటప్పుడు అమ్మాయికి ఎన్ని ఎకరాలు వస్తుందని అడిగి, ఆ పైన ఎంత నగదు ఇస్తారని అడుగుతున్నారు. వాటా హక్కు వచ్చాక కట్నం తగ్గలేదు, వాటా కూడా కట్నం లెక్కలోకి చేరిపోయింది. ఇది ఆడపిల్లల తండ్రుల కష్టమని ఎవరూ ఒప్పుకోరా? కమతాల సంగతికీ ఇంకా జవాబు రాలేదు.

నడిగడ్డ మట్టి (జోగులాంబ గద్వాల జిల్లా)

కట్నం విషయంలో మీరు చెప్పింది నిజం, దానికి నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు లేదు. వాటా ఆమె పేరు మీద రిజిస్టరు అయి, ఆమె చేతిలోనే ఉండేలా చూస్తే కొంత తేడా వస్తుందని మాత్రం అనగలను.

కమతాల సంగతి వేరు. ఇద్దరు అన్నదమ్ములు ఆరెకరాలను చెరి మూడు పంచుకున్నప్పుడు పొలం ముక్కలవుతోందని ఊళ్లో ఎవరూ బాధపడరు. అక్కాతమ్ముడు పంచుకుంటేనే ట్రాక్టరు గుర్తుకు వస్తుంది. అసలు పట్టా పంచుకుంటే గట్టు వేయాలని లేదు. పాసు పుస్తకాలు రెండు చేసుకుని, సాగు మొత్తం తమ్ముడే చేసి, ఊళ్లో నడుస్తున్న ధర ప్రకారం అక్క వాటాకు కౌలు ఇవ్వవచ్చు. పక్క రైతుకు ఇచ్చే కౌలు అక్కకు ఇవ్వడానికి చెయ్యి రాకపోతే అప్పుడు సమస్య కమతంలో లేదు. జహీరాబాదు ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు బీడు పడ్డ చిన్న చెలకల్లోనే జొన్నలు, సామలు, కందులు కలిపి వేసి, విత్తనం ఇంట్లోనే దాచుకుని పండించి చూపించారు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

వైరా వాగు (ఖమ్మం జిల్లా)

అందరికీ కృతజ్ఞతలు. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. నాకు ఇంకొక సందేహం ఉంది, దాన్ని దాచుకోకుండా రాస్తాను. అక్క పేరు మీద పొలం పెడితే, బావ దాన్ని అమ్మించి వ్యాపారంలో పెడతాడని మా మేనమామ అంటున్నాడు. అలా జరిగితే నేను అక్కకు ఇచ్చినట్టా, బావకు ఇచ్చినట్టా? అక్కకు పిల్లలు లేరు, అది కూడా ఆలోచించవలసి వస్తోంది.

నల్లకోటు (రాజమహేంద్రవరం)

ముందుగా ఒక మాట. మీరు మీ వాటాను అమ్మి వ్యాపారంలో పెడితే మీ మేనమామ అడ్డు చెప్పగలరా? అమ్ముకునే హక్కు కూడా ఆస్తిలో భాగమే. హిందూ వారసత్వ చట్టం పద్నాలుగో సెక్షను ప్రకారం ఆమె ఆ పొలానికి పూర్తి యజమాని. భర్త అనుమతితో పని లేదు, ఆమె సంతకం లేకుండా ఆయన అమ్మలేరు.

పిల్లలు లేని మహిళ వీలునామా రాయకుండా పోతే, తండ్రి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి తిరిగి తండ్రి వారసులకే, అంటే మీ వైపుకే వస్తుంది. కాబట్టి మీ మేనమామ భయానికి ఆధారం తక్కువ. అన్యాయం ఇంకొక చోట ఉంది. ఆమె తన కష్టార్జితంతో కొనుక్కున్న ఆస్తి మాత్రం, భర్తా పిల్లలూ లేకపోతే, ముందుగా భర్త వారసులకు వెళుతుంది. సొంత తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతనే. పెళ్లయిన కొద్ది రోజులకే భర్తను పోగొట్టుకుని, అత్తింటివారు గెంటివేస్తే పుట్టింట్లో ఉండి చదువుకుని ఉద్యోగం చేసిన ఒక మహిళ సంపాదన మీద 2009లో సుప్రీంకోర్టు ఆ అత్తింటి వైపు వారికే హక్కు ఉందని చెప్పవలసి వచ్చింది, ఎందుకంటే సెక్షను అలా రాసి ఉంది. మగవాడి సంపాదన విషయంలో ఇలాంటి నిబంధన లేదు. అందువల్ల ఆడవాళ్లు, ముఖ్యంగా సంపాదిస్తున్నవారు, వయసుతో సంబంధం లేకుండా వీలునామా రాసుకోవాలని నేను అందరికీ చెబుతుంటాను.

ఇక మీ పని. వారసుల జాబితాలో అక్క పేరు వదిలిపెట్టి పట్టా మార్పించుకోవద్దు, ఎవరు సులువని చెప్పినా సరే. విరాసత్ (వారసుల పేరుకు పట్టా మార్పు) దరఖాస్తులో ఇద్దరి పేర్లూ రాయండి. ఊళ్లోని ఇంటిని కూడా మరవకండి. మగవారసులు పంచుకునే దాకా ఇంట్లో కూతురు వాటా అడగకూడదనే సెక్షను 2005లోనే పోయింది. అన్నీ తెలిసిన తర్వాత కూడా అక్క తన వాటా మీకే ఇవ్వాలనుకుంటే అది ఆమె ఇష్టం, అప్పుడు రిజిస్టరు దస్తావేజు రాసుకోండి. తెల్ల కాగితం మీద రాసిన విడుదల పత్రానికి విలువ లేదు.

సప్త సముద్రాలు (డల్లాస్)

ఆమెను అడిగేటప్పుడు మేనమామల ముందూ, బావగారి ముందూ అడగకండి. మీరిద్దరే ఉన్నప్పుడు అడగండి. "నీకేమైనా కావాలా అక్కా" అని కాకుండా, ఎన్ని ఎకరాలు, ఎక్కడ, ఇప్పుడు ధర ఎంత, కౌలు ఎంత వస్తుందో చెప్పి అడగండి. ఆమె ఏం చెప్పినా పండక్కి మీ ఇంటికి రావడం మారదని కూడా ముందే చెప్పండి.

వైరా వాగు (ఖమ్మం జిల్లా)

నిన్న అక్క దగ్గరకు వెళ్లి వచ్చాను. బావ పని మీద బయటకు వెళ్లిన సమయం చూసి, పైన రాసిన అంకెలన్నీ కాగితం మీద వేసి చూపించాను. చాలాసేపు కాగితం చూసి, మొదటిసారి ఒక ప్రశ్న అడిగింది: "నా మూడెకరాలు కాలువ కిందవా, మెట్టలో కూడా కలుస్తుందా?" నా దగ్గర జవాబు లేదు. వకీలు గారూ, ఇది ఎలా తేల్చాలి?

నల్లకోటు (రాజమహేంద్రవరం)

మాగాణిలో రెండు, మెట్టలో ఒకటి, ఇద్దరికీ అలాగే తీసుకోండి. కాలువ తూముకు దగ్గర ఉన్న మడులూ, చివర ఉన్న మడులూ ఒకే విలువ చేయవు కాబట్టి సర్వేయరుతో కొలిపించి రెండు భాగాలుగా పటం గీయించండి. ఆ తర్వాత చీటీలు వేసుకోండి, మొదటి చీటీ అక్కను తీయమనండి. నీటి వంతు, దారి హక్కు భాగ పంపిణీ దస్తావేజులోనే రాయించడం మరవకండి, తర్వాత వచ్చే తగాదాలన్నీ అక్కడే మొదలవుతాయి.